అక్క నిలబడి తినదు

మా అక్క నిలబడి ఏదీ తినదు. పెళ్ళిలో బఫే పెడితే పళ్ళెం పట్టుకుని కుర్చీ కోసం తిరుగుతుంది. దొరక్కపోతే పళ్ళెం అక్కడే పెట్టేసి, ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకుంటుంది. తెనాలిలో ఉన్నన్నాళ్ళూ ఇది ఎవరికీ ఇబ్బంది కాలేదు. ఢిల్లీలో మాత్రం పెద్ద చిక్కే. ఈ ఊళ్ళో రుచిగా ఉన్నదేదైనా రోడ్డు పక్కన నిలబడి తినాల్సిందే. కూర్చోబెట్టి పెట్టారంటే ఆ కుర్చీ ఖరీదు కూడా బిల్లులో కలిపేస్తారు.

మా బావగారు సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. కొన్నేళ్ళు తెనాలిలో ఇంట్లోంచే పని చేశారు. ఇంట్లో కూర్చుంది చాల్లే, గుర్‌గావ్ ఆఫీసుకి రమ్మని కంపెనీ కబురు పెట్టేసరికి అక్కని వెంటబెట్టుకుని వచ్చారు. అక్క తెనాలిలో ఓ ప్రైవేటు బళ్ళో లెక్కల టీచరు. వేసవి సెలవులైపోయి బడి తెరిచేదాకా ఆమె ఉద్యోగం అట్టే పెడతామన్నారు. ఈలోగా ఢిల్లీ నచ్చితే రాజీనామా రాసి పంపాలి. నచ్చకపోతే రైలెక్కాలి.

ఆమెకి నచ్చాలని ఈ మహానగరంలో అందరికంటే ఎక్కువ కోరుకున్నదాన్ని నేను. నేను ఢిల్లీ వచ్చింది సివిల్స్ రాయడానికి. సివిల్స్ నన్ను వద్దనుకుంది గానీ జియా సరాయ్ వదల్లేదు. ఆ ఇరుకు సందుల్లోనే గది, అక్కడే ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే ఉద్యోగం, పూటపూటా డబ్బాలో వచ్చే రోటీలు, పప్పు అని వాళ్ళనుకునే పసుపు నీళ్ళు. తెలుగులో నవ్వుకోవాలంటే ఫోన్ చెయ్యాలి. అక్క ఇక్కడే ఉండిపోతే ప్రతి ఆదివారం పప్పుచారు అన్నం తిని, ఆమె మంచం మీద అడ్డంగా పడుకుని, ఊళ్ళోవాళ్ళందరి మీదా చాడీలు చెప్పుకోవచ్చు. నాకు అంతకు మించిన ఆశ లేదు.

బావగారికి ఇవేవీ పట్టలేదు. ఆయనకి ఒకటే పట్టుదల. ఈ ఊళ్ళో టూరిస్టులా ఉండకూడదట, లోకల్‌లా బతకాలట. మొదట గుర్‌గావ్‌లో ఆఫీసు దగ్గరే ఒక టవర్లో ఫ్లాటు చూశాం. లిఫ్టులోనే ఒక తెలుగావిడ కలిసి, "మీదే ఊరండీ?" అని అడిగి, తమ బాల్కనీలో కరివేపాకు మొక్క ఉందనీ, ఎప్పుడు కావలిస్తే అప్పుడు కోసుకోవచ్చనీ కూడా చెప్పేసింది. అక్క మొహం విప్పారింది. బావగారి మొహం ముడుచుకుపోయింది.

"వీళ్ళ మధ్య ఉండేదానికి తెనాలి ఏం పాపం చేసింది?" అన్నారు బయటికొచ్చి.

చివరికి ఊరికి ఆ చివరనున్న జనక్‌పురిలో ఇల్లు తీసుకున్నారు. అక్కడుండేది అసలు సిసలైన ఢిల్లీవాళ్ళట. ఆ అసలు సిసలువాళ్ళకి ఈయన కనపడేది పొద్దున్నే లాప్‌టాప్ సంచీతో మెట్రో వైపు పరిగెత్తేటప్పుడు మాత్రమే. అక్క పగలంతా నాలుగు గోడల మధ్య హిందీ సీరియళ్ళు చూస్తూ, ఎవరు ఎవరికి అత్తగారో పెట్టుకున్న నగల్ని బట్టి ఊహించుకుంటూ కూర్చునేది.

శని ఆదివారాలు వచ్చాయంటే బావగారు ఫోన్లో వీడియోలు చూసి, లోకల్స్ తినే చోట్లకి మమ్మల్ని తోలుకుపోయేవారు. మొదటిది పాత ఢిల్లీలో పరాఠాల గల్లీ. మనిషి దూరడానికే సందు లేని ఆ గల్లీలో ఒక చేత్తో పరాఠా, ఒక చేత్తో ఫోను పట్టుకుని అందరూ తమని తామే వీడియో తీసుకుంటున్నారు. మా వెనక బల్ల మీద వాళ్ళు తమిళం, ముందు బల్ల మీద వాళ్ళు మలయాళం. లోకల్స్ ఎక్కడున్నారని అడిగాను. "వాళ్ళు పొద్దున్నే తినేసి వెళ్ళుంటారు," అన్నారు బావగారు, వాళ్ళని స్వయంగా సాగనంపి వచ్చినట్టు.

తర్వాతిది గుర్‌గావ్‌లో ఒక కెఫే. అక్కడ కూర్చోవచ్చని చెప్పి అక్కని బయల్దేరదీశారు. లోపల గోడలకి సున్నం లేదు, ఇటుకలు కనిపిస్తున్నాయి. మా ఊళ్ళో అయితే మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని పారిపోయాడనుకునేవాళ్ళం. కూర్చోమన్న బల్లలకి వీపు లేదు. మెనూలో పేరు చదివి బావగారు ఏదో ఘనమైనది తెప్పించారు. ఇత్తడి గిన్నెలో బియ్యం, పెసరపప్పు కలిపి మెత్తగా ఉడకేసింది వచ్చింది. పైన ఒక పువ్వు పెట్టారు. తినే పువ్వేనట. బిల్లు చూశాక బావగారు దాన్ని తిప్పి వెనక వైపు కూడా చూశారు. మడిచి జేబులో పెట్టుకుని, "ఢిల్లీవాళ్ళు అనుభవం కోసం ఖర్చు పెడతారు," అన్నారు.

"జ్వరం రాకుండానే పథ్యం తినిపించారు గదండీ," అంది అక్క.

ఇంకోసారి ఆయన ఆఫీసులో పనిచేసే ఢిల్లీ మనిషి మమ్మల్ని పిలిచాడు. ఈ ఊళ్ళో ఏళ్ళ తరబడి తాను తినే చోటు, లోకల్స్‌కి మాత్రమే తెలిసిన చోటు చూపిస్తానన్నాడు. బావగారు ఆ వారమంతా గాల్లో తేలారు. తీరా వెళ్తే అది మన తెలుగు రాష్ట్ర ప్రభుత్వపు భవన్‌లోని క్యాంటీను. టోకెన్లు చేత పట్టుకుని బయట బారులు తీరినవాళ్ళలో మేం తప్ప తెలుగువాళ్ళు పెద్దగా కనపడలేదు. లోపల అక్క పళ్ళెంలో అన్నం పడగానే ఆ పెద్దమనిషి లేచి పక్కకొచ్చి, పొడి, నెయ్యి ఏ వరసలో కలుపుకోవాలో పాఠం మొదలుపెట్టాడు.

"భాభీజీ, పహలే యే పౌడర్. ఫిర్ ఘీ. ఫిర్ హాథ్ సే ఐసే."

తెనాలిలో పుట్టి, పొడి అన్నంతో అన్నప్రాశన అయిందేమోనన్నంతగా పొడులు తిని పెరిగిన మా అక్క, తనకే రెండో ఎక్కం అప్పజెబుతున్న పిల్లాణ్ణి చూసినట్టు అతన్ని చూసింది. తర్వాత "అచ్ఛా" అంది. ఈ ఊరొచ్చాక ఆమె బయట మాట్లాడిన మొదటి హిందీ మాట అదే.

"చూశావా, అసలు లోకల్స్ ఎక్కడ తింటారో!" అని బావగారు నా వైపు వంగి గుసగుసలాడారు.

"మనింట్లో తింటారు," అన్నాను.

ఇంతవరకూ వేళాకోళంగానే గడిచింది. గోల్‌గప్పాల దగ్గర చెడింది. మన పానీపూరీనే ఇక్కడ గోల్‌గప్పా అంటారు. జనక్‌పురి మార్కెట్లో సాయంత్రం బండి చుట్టూ ఆడా మగా దొన్నెలు పట్టుకుని నించుంటారు. బండివాడు ఒక్కొక్కటే నీళ్ళలో ముంచి అందిస్తాడు, అది నోట్లో పడేలోగా ఇంకోటి వస్తుంది. ఆ వేగం అందుకోవడమే లోకల్‌తనమని బావగారు దార్లోనే చెప్పారు. అక్క తన వంతు రాగానే అన్నీ ఒకేసారి పళ్ళెంలో పెట్టివ్వమని సైగ చేసింది. బండివాడు తెల్లబోయి, పెట్టిచ్చాడు. ఆమె ఆ పళ్ళెం పట్టుకుని, మూసున్న ఒక కొట్టు మెట్ల మీదికి వెళ్ళి, కొంగు సర్దుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కూర్చునేసరికి పూరీలన్నీ నాని కారిపోయాయి. చీర మీద పుదీనా నీళ్ళు. బండి చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ఒకమ్మాయి ఫోను కూడా తీసింది.

"పరువు తీశావు," అన్నారు బావగారు, పళ్ళ బిగువున. "నిలబడి ఒక్క పూరీ తింటే ఏం పోయింది నీకు?"

అక్క తడిసి ముద్దయిన పూరీల్ని వేళ్ళతో ఎత్తుకుని, ఒక్కటీ వదలకుండా తింది. ఇంటికొచ్చాక వంటింట్లోకి నన్ను పిలిచి, మెల్లగా చెప్పింది.

"బడి తెరిచే టయానికి నేను వెళ్ళిపోతానే. టికెట్ చూడు. ఈ ఊళ్ళో తిండి తింటానిక్కూడా పరీక్ష పాసవ్వాలంటే నా వల్ల గాదు."

పరీక్ష పాసవ్వలేని మనిషితోనే ఆ మాట చెబుతోందని ఆమెకి తట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. బావగారి మీద ఒళ్ళు మండిపోయింది. టికెట్ చూస్తానని చెప్పి, చూడకుండా రోజులు నెట్టాను.

హనుమజ్జయంతి మనకి వైశాఖంలోగానీ రాదు. వీళ్ళకి చైత్రంలోనే వచ్చేస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం మేం ముగ్గురం బావగారి కార్లో ఎక్కడికో లోకల్ బిర్యానీ తినడానికి బయల్దేరాం. కాలనీ దాటకముందే రోడ్డుకి అడ్డంగా షామియానా, చెవులు చిల్లులు పడేలా భజన పాటలు, పెద్ద పెద్ద డేగిసాలు. భండారా, అంటే మన అన్నదానమే. ఒకాయన బానెట్ మీద అరచేత్తో కొట్టి, "ప్రసాద్ లేకే జానా జీ!" అన్నాడు.

బావగారు అద్దం పైకెత్తేశారు. "అది లేనివాళ్ళకి పెట్టేది. మనం తింటే బాగుండదు," అన్నారు.

ఆయన ఆ మాట అంటూండగానే మా ముందు ఒక పెద్ద నల్లకారు నడిరోడ్డు మీద ఆగింది. మణికట్టుకి బంగారు కడియం ఉన్నాయన దిగి, రెండు చేతులా దొన్నెలు నింపుకుని, బానెట్ మీద పెట్టుకుని తినడం మొదలుపెట్టాడు. పక్కసందులోంచి ఒక ఆంటీ స్టీలు క్యారేజీతో వచ్చి, గిన్నె గిన్నెకీ నింపించుకుని వెళ్ళింది. స్కూటర్ల మీద వెళ్ళేవాళ్ళు, బ్యాంకువాళ్ళు, పోలీసాయన, అందరూ వరసలో ఉన్నారు. నెలల తరబడి బావగారు ఏ లోకల్స్ కోసం ఊరంతా గాలించారో వాళ్ళు మొత్తం మా కారు చుట్టూ నించుని తింటున్నారు. ఆయన మాత్రం ఫోన్లో బిర్యానీకి దారి వెతుకుతున్నారు.

"ప్రసాదం వద్దంటారా ఎక్కడన్నా?" అని అక్క తలుపు తీసుకుని దిగిపోయింది. వెనకే నేనూ దిగాను.

పెడుతున్నది కఢీ చావల్. అక్క డేగిసాలోకి తొంగి చూసి, "మజ్జిగపులుసే! పకోడీలేశారే దీంట్లో," అంది. ఈ ఊరొచ్చాక ఇన్నాళ్ళకి ఆమె గొంతులో సంతోషం విన్నాను. దొన్నె చేతికొచ్చింది. ఇక కూర్చోవాలి. చుట్టూ చూసింది. ఒక ముసలావిడ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో దొన్నె పట్టుకుని, ఎలా తినాలో తెలియక నించుంది. పిల్లలు ఒలకబోసుకుంటున్నారు. షామియానా మూల జంబుకానా ఒకటి చుట్టి నిలబెట్టుంది.

మా అక్క తన దొన్నె నా చేతిలో పెట్టి, ఎవర్నీ అడక్కుండా ఆ జంబుకానా లాక్కొచ్చి, రోడ్డు వార పొడుగ్గా పరిచేసింది. ముసలావిణ్ణి జబ్బ పట్టుకుని కూర్చోబెట్టింది. "బైఠో, బైఠో," అని పిల్లల్ని ఒక వరసలో కూలేసింది. బళ్ళో ప్రార్థనకి నిలబెట్టే గొంతది, ఏ భాషలోనైనా పనిచేస్తుంది. స్కూటరు వాళ్ళూ కూర్చున్నారు. కడియం ఆయన కూడా బానెట్ వదిలి, ప్యాంటు పైకి లాక్కుని కూర్చున్నాడు. అక్క కొంగు నడుముకి దోపుకుని, ఒక బకెట్ లాక్కుని, వంగి వడ్డన మొదలుపెట్టింది. మన పెళ్ళిళ్ళలో చుట్టాలు బకెట్ పట్టుకోవడానికి ఎవర్నన్నా అడుగుతారా? ఆమె కూడా అడగలేదు. ఇది వేరే వాళ్ళ షామియానా అన్న ఆలోచనే ఆమెకి రాలేదు.

మళ్ళీ నవ్వుతారు, మళ్ళీ ఫోన్లు తీస్తారు, ఇక ఈమె రేపే రైలెక్కుతుందనుకున్నాను. ఫోన్లు తీశారు కూడా. అయితే ఆ భండారా పెట్టిన ఆంటీ, అక్కావాళ్ళ ఎదురింట్లో ఉండే పంజాబీ ఆవిడే, నడుం మీద చేతులేసుకుని చూసి చూసి, "అరే, యే మద్రాసన్ తో కమాల్ హై!" అని మెచ్చుకోలుగా కేకేసి, ఇంకో బకెట్ పట్టుకుని అక్క వెనకే నడిచింది. తెనాలి మద్రాసెప్పుడైందని నేను చెప్పబోయి ఊరుకున్నాను.

ఈలోగా మా కారు వెనక హారన్లు దద్దరిల్లాయి. బావగారు కారు ఓ పక్కకి పెట్టి, దిగొచ్చి, పరిస్థితి చూసి, వెంటనే జంబుకానా మీద అక్క కనపడేలా ఒక ఫోటో తీసుకున్నారు. "అసలు ఢిల్లీ అంటే ఇదీ" అని ఆఫీసు గ్రూపులో పెట్టారు. భండారా విశిష్టత ఏమిటో ఫోన్లో చదివి, బకెట్ పట్టుకునున్న అక్కకి వివరించారు.

ఆ వారంలోనే ఎదురింటి ఆంటీ అక్కని పొద్దున పార్కులో నడకకి తీసుకెళ్ళింది. తర్వాత వారం సంతకి. కూరలన్నీ కొన్నాక "భయ్యా, ధనియా తో డాల్ దో" అని దబాయించి కొత్తిమీర ఊరికే వేయించుకోవడం అక్కడే నేర్పింది. గుర్‌గావ్ లిఫ్టావిడ దగ్గర్నించి తెచ్చుకున్న కరివేపాకు పిలక అక్క బాల్కనీలో నాటుకుంది. సెలవులు ముగియకముందే రాజీనామా పంపేసింది. నేను జియా సరాయ్ గదిలో తలుపేసుకుని గంతులేశాను.

కొన్ని ఆదివారాలు అనుకున్నట్టే గడిచాయి. పప్పుచారు, మంచం, చాడీలు. తర్వాత ఒక ఆదివారం వెళ్తే తాళం. కాలనీ ఆడవాళ్ళంతా వంతులవారీగా ఒకరింట్లో చేరే కిట్టీ పార్టీకి వెళ్ళిందట. ఇంకో ఆదివారం పళ్ళెంలో రాజ్మా పెట్టింది. పప్పుచారేదీ అంటే, "సండే రాజ్మా చావలే గదే మరి," అంది. రాజ్మా మా అమ్మ కనిపెట్టిన వంటన్నంత ధీమాగా. మరోసారి తలుపు తీసి నన్ను చూసి, "ఫోన్ జేసి రావొచ్చు గదా యార్," అంది. లోపల ఆంటీలున్నారు. వాళ్ళకి నన్ను "ఛోటీ బెహన్" అని చూపించి, టీ ఇచ్చింది. ఆ టీ తాగుతుంటే నాకు ఉక్రోషం ముంచుకొచ్చింది. అక్క ఉండాలని దేవుళ్ళందరికీ మొక్కింది నేనే, ఉండిపోయింది. ఇంక ఎవరి మీద ఫిర్యాదు చేసుకోను? బావగారి మీద కూడా కుదరదు. ఆయన అప్పటికీ లోకల్స్‌ని వెతుక్కుంటూ శనివారాలు ఒక్కరే తిరుగుతున్నారు. ఇంట్లో ఒకరున్న సంగతి ఆయనకి తెలియదు.

మరుసటి ఏడు హనుమజ్జయంతికి నేను ఫోన్ చెయ్యకుండానే వెళ్ళాను. అదే షామియానా, అవే పాటలు. వరసలో నించున్నాను. కఢీ డేగిసా దగ్గర గరిటె పట్టుకుని ఉన్నది మా అక్కే. సల్వార్ కమీజు, చున్నీ భుజమ్మీంచి నడుముకి కట్టింది. వరస చకచకా కదులుతోంది. జంబుకానా చుట్ట షామియానా మూల నిలబెట్టే ఉంది. ఎవరూ పరవలేదు. పరిస్తే దారికి అడ్డమేమో మరి.

నా వంతొచ్చింది. దొన్నె చాచాను. ఆమె నా మొహం చూడలేదు, దొన్నె చూసింది. గరిటెడు కఢీ పోసి, "ఆగే బఢియే దీదీ, ఆగే," అంది. ముందుకు జరగమని. చెల్లెల్ని, నన్ను, దీదీ అంది. "అక్కా" అని నోటిదాకా వచ్చింది. వెనకున్నావిడ మోచేత్తో పొడిచింది. జరిగాను.

కఢీ మీద పోపు తేలుతోంది. ఎండుమిర్చి, కరివేపాకు. పక్కన నించుని తింటున్న ఒక అంకుల్ నా వాలకం చూసి కొత్తదాన్ననుకున్నాడు.

"యే హై అస్లీ జనక్‌పురీ కఢీ, బేటా," అన్నాడు ఆప్యాయంగా. "సౌత్ మే ఐసీ నహీ మిల్తీ." సౌత్‌లో ఇలాంటిది దొరకదట.

"అచ్ఛా," అన్నాను.

వరస కాసేపు పలచబడింది. అక్క గరిటె డేగిసా మీద అడ్డంగా పెట్టి, తనకో దొన్నె తీసుకుంది. ఎదురింటి ఆంటీతో ఏదో చెప్పి పగలబడి నవ్వుతూ, మునివేళ్ళతో పకోడీ ఎత్తి నోట్లో వేసుకుంది. నిలబడే. ఒక కాలి మీద బరువేసి, చున్నీకి కఢీ అంటకుండా ముందుకు వంగి, ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు తిన్నట్టే తింటోంది.

నేను వెళ్ళి ఆ జంబుకానా చుట్టని పడుకోబెట్టి, దాని మీద కూర్చుని తిన్నాను. కఢీ బాగుంది.